గంగ నిర్మలమైతే చాలదు, అవిరళం కావాలి

దేశంలోని నదుల్లో 6,327 డాల్ఫిన్లు ఉన్నట్లు కేంద్ర ప్రభుత్వం 2025 మార్చిలో ప్రకటించింది. ఎనిమిది రాష్ట్రాల్లోని 28 నదుల్లో జరిపిన గణనలో ఇది తేలింది. ఉత్తరప్రదేశ్‌లో 2,397, బీహార్‌లో 2,220 డాల్ఫిన్లను లెక్కించారు. 2009లో జాతీయ జలచరంగా ఎంపికైన ప్రాణి వేల సంఖ్యలో మిగిలి ఉండటం హర్షించదగిన పరిణామమే. అయితే ఎన్ని ఉన్నాయన్న దానితో పాటు ఎక్కడ ఉన్నాయన్నదీ గమనించాలి. ఘాఘ్రా, గండక్, కోసి వంటి ఉపనదులు కలిసి లోతు పెరిగే దిగువ గంగ వీటికి ప్రధాన ఆవాసంగా మిగిలింది. ఎగువన నరోరా బ్యారేజీకి, కాన్పూరుకు నడుమ అవి దాదాపు కనిపించవు. ఆ భాగంలో మురుగు సమస్య ఉన్న మాట నిజమే. అంతకు మించి, వేసవిలో అక్కడ నదికి తగినంత నీరే ఉండదు.

గంగ పునరుద్ధరణకు ప్రభుత్వాలు ఇప్పటివరకు ఇచ్చిన అర్థం ప్రధానంగా ప్రక్షాళనే. 1986లో ఆరంభమైన గంగా కార్యాచరణ ప్రణాళిక మురుగునీటి మళ్లింపు, శుద్ధి చుట్టూ తిరిగింది. 2014లో 20,000 కోట్ల రూపాయలతో తలపెట్టిన ‘నమామి గంగే’ నిర్మల ధార, అవిరళ ధార అనే రెండు లక్ష్యాలను చాటింది. నిధుల్లో సింహభాగం మాత్రం మొదటి లక్ష్యానికే, అంటే మురుగు శుద్ధి కేంద్రాలకే వెళ్లింది. ఎడతెగని ప్రవాహమన్న రెండో లక్ష్యం నీటిపారుదల, విద్యుత్ శాఖల ప్రయోజనాలతో ముడిపడినందున వెనుకబడిపోయింది.

ఈ చిక్కుకు మూలాలు పాతవి. హరిద్వార్ వద్ద ఎగువ గంగ కాలువను 1854లో ప్రారంభించారు. దాని సామర్థ్యం నేడు సుమారు 10,500 క్యూసెక్కులు. దిగువన బిజ్నోర్, నరోరాల వద్ద మరికొన్ని కాలువలు నీటిని తరలిస్తున్నాయి. వర్షాకాలం దాటాక ఈ మూడు మజిలీల తర్వాత నదికి మిగిలేది స్వల్పం.

కనీస ప్రవాహాలను నిర్దేశిస్తూ కేంద్రం 2018 అక్టోబరులో నోటిఫికేషన్ జారీ చేసింది. దేవప్రయాగ నుంచి హరిద్వార్ వరకు నెలవారీ సగటు ప్రవాహంలో కాలాన్ని బట్టి 20 నుంచి 30 శాతం వదలాలంది. హరిద్వార్ నుంచి దిగువకు ఈ శాతాల పద్ధతి లేదు. వర్షాకాలం మినహా మిగతా నెలల్లో హరిద్వార్‌లోని భీమగోడా వద్ద సెకనుకు 36 ఘనపు మీటర్లు, నరోరా వద్ద 24 ఘనపు మీటర్లు వదిలితే చాలునంది. క్యూసెక్కుల్లో చెప్పాలంటే ఇవి వరుసగా 1,270, 850 మాత్రమే. కాలువ సామర్థ్యంతో పోలిస్తే నది వాటా ఎంతో పాఠకులే గ్రహించగలరు. గంగ స్వేచ్ఛగా పారాలని కోరుతూ 111 రోజులు నిరశన సాగించిన ఐఐటి మాజీ ఆచార్యుడు జి.డి. అగర్వాల్ అదే నెల 11న కన్నుమూశారు.

నీరున్నా దారి మూసుకుపోతే జలచరాలు నిలవవు. గోదావరి వాసులకు పులసగా సుపరిచితమైన చేపే గంగలో ఇలిస. సముద్రం నుంచి గుడ్లు పెట్టేందుకు అది ఒకప్పుడు అలహాబాద్ వరకు ఎదురీదేది. 1975లో ఫరక్కా బ్యారేజీ వచ్చాక ఆ రాక దాదాపు ఆగింది. దానిపై బతికిన బీహార్, ఉత్తరప్రదేశ్ జాలర్లు ఉపాధి కోల్పోయారు. బరాక్‌పూర్‌లోని కేంద్ర మత్స్య పరిశోధన సంస్థ ఫరక్కా ఎగువన ఇలిసలను వదులుతోంది. ప్రయత్నం మంచిదే గాని, చేప తనంతట తాను వచ్చే మార్గానికి అది ప్రత్యామ్నాయం కాజాలదు.

కాలువలను మూసివేయాలని ఎవరూ అనడం లేదు. పశ్చిమ ఉత్తరప్రదేశ్‌లో చెరకు, గోధుమ రైతుల జీవనం వాటిపైనే ఆధారపడి ఉంది. వారికి నష్టం కలగకుండా నదికి నీరివ్వాలంటే కాలువల్లో వృథాను అరికట్టాలి. తక్కువ నీటితో పండే పైర్లకు గిట్టుబాటు ధర దక్కాలి. వేసవిలో నదిని పోషించేది భూగర్భ జలమే గనుక గొట్టపు బావుల తోడకానికీ హద్దు ఉండాలి. ఇవి మురుగు శుద్ధి కేంద్రాలకు శంకుస్థాపన చేసినంత సులువు కావు. అందుకే వాయిదా పడుతున్నాయి.

ఫరక్కా జలాలపై బంగ్లాదేశ్‌తో 1996లో కుదిరిన ఒప్పందం గడువు 30 ఏళ్లు, అంటే 2026 డిసెంబరు వరకే. ప్రవాహం 70,000 క్యూసెక్కులు, అంతకు తక్కువ ఉంటే చెరిసగమన్నది అందులోని సూత్రం. రెండు దేశాల వాటాలు లెక్కించిన ఆ పత్రంలో నదికంటూ వాటా రాయలేదు. దాని తరువాతి ఒప్పందంలోనైనా ఆ పద్దు చేరాలి. స్వదేశంలో హరిద్వార్, నరోరాల వద్ద నదికి న్యాయమైన వాటా వదలకుండా, ఫరక్కా వద్ద దాని తరఫున మాట్లాడే నైతిక బలం మనకు చేకూరదు.