మేకతో పాటు మేత

క్రిస్మస్ వస్తే చాలు, ఇక్కడ ఇంగ్లండులో "ఆఫ్రికా పిల్లల కోసం ఓ మేకను కొనివ్వండి" అనే ప్రకటనలు కనిపిస్తాయి. నేనూ ఒకసారి డబ్బు కట్టాను. తర్వాత మా అమ్మమ్మ గుర్తొచ్చింది. గేదెను కొనాలంటే ఆవిడ ధర కన్నా ముందు "గడ్డెక్కడిది?" అని అడిగేది.

అనాథాశ్రమానికి మేకనిస్తే మేత, మందుల ఖర్చు ఆశ్రమం మీదే పడుతుంది. వానల్లేని ఏడాది ఆ ఖర్చు పిల్లల కంచంలోంచే పోతుంది.

రువాండాలో 2006లో మొదలైన 'గిరింకా' పథకంలో పేద కుటుంబానికి ఒక ఆవునిస్తారు. మొదట పుట్టిన పెయ్యదూడను వాళ్లు మరో పేద కుటుంబానికివ్వాలి. పుచ్చుకున్న చెయ్యే ఇస్తుంది, ఎంత బాగుందో! కానీ పెయ్య పుట్టాలంటే ముందు ఆవు బతకాలి కదా.

అందుకే ఈసారి నా డబ్బు మేతకే. మరి మీరేమంటారు?