‘బాగుండాం నాయనా’ అనే మాటను నమ్మకండి



డిసెంబరు నెల వచ్చిందంటే మా ఓపీలో ముఖాలు మారుతాయి. ఏడాది పొడవునా ఒంటరిగానో, మనవరాలి చెయ్యి పట్టుకొనో వచ్చే అవ్వల పక్కన సెంటు వాసనతో, కొత్త బట్టలతో ఒక కొడుకో కూతురో కనబడతారు. రాజంపేట, రాయచోటి, కోడూరు వైపు వారైతే ఎక్కడి నుండి వచ్చారని అడగనవసరం లేదు, కువైటు. కర్నూలు పడమటి వైపు ఆదోని, కోసిగి, మంత్రాలయం పల్లెల సంగతి వేరు. అక్కడివారిలో చాలామంది పండుగకు ఊళ్లో ఉండరు. పత్తి తీతకో, మిరప కోతకో గుంటూరు వైపు సుగ్గి పోతారు, మళ్లీ ఉగాదికి గాని ఇల్లు చూడరు. సముద్రం దాటినా, జిల్లా దాటినా ఇంట్లో మిగిలేది ఆ ఇద్దరే, ముసలివారు, పసిపిల్లలు.

కొన్నేండ్ల క్రితం క్రిస్మసుకు మూడు రోజుల ముందు ఒక అవ్వను ఆటోలో తెచ్చారు. కుడి చెయ్యి, కుడి కాలు పడిపోయాయి. మాట లేదు. కువైటు నుండి కూతురు వచ్చి అప్పటికి ఆరు రోజులు. ‘ఫోన్లో ఎప్పుడడిగినా బాగుండానమ్మా అనే చెప్పేది సిస్టర్’ అని ఆమె గోడకు తల ఆనించి ఏడ్చింది. మా చీటీలో చూస్తే అవ్వకు ఎనిమిదేండ్లుగా బీపీ. మాత్రలు ఏమైనట్టు? బియ్యం డబ్బాలో ఉన్నాయి. కూతురు బయలుదేరుతోందని తెలిసిన రోజు నుండి వాటిని దాచిపెట్టి, వేసుకోవడం మానేసిందట. తాను జబ్బుమనిషినని తెలిస్తే బిడ్డ తిరిగి పోలేదు, పోకపోతే అప్పు తీరదు. అదీ ఆమె లెక్క.

ఈ సంగతి మాకు చెప్పింది పదేండ్ల మనవరాలు. ‘చెప్పొద్దనింది అవ్వ’ అని కూడా చెప్పింది.

బీపీ ఎక్కువగా ఉన్నా చాలామందికి ఏ బాధా తెలియదు. మాత్ర మానేసిన మొదటి రోజుల్లోనూ తెలియదు. కొన్ని రకాల మాత్రలు ఉన్నట్టుండి ఆపితే బీపీ ఒక్కసారిగా ఎగబాకుతుంది కూడా. మూతి వంకర పోవడం, ఒక వైపు చెయ్యి పట్టు తప్పడం, మాట తడబడడం, ఈ మూడింటిలో ఏ ఒక్కటి కనబడినా గడియారం చూసుకొని బయలుదేరాలి. నెత్తురు గడ్డ వల్ల వచ్చిన పక్షవాతమైతే దానిని కరిగించే ఇంజెక్షను నాలుగున్నర గంటల లోపలే పనికివస్తుంది. అదీ స్కానింగ్ ఉన్న పెద్ద ఆసుపత్రిలోనే. ఈ అవ్వకు పొద్దున చెయ్యి పట్టు తప్పితే చలికి అనుకొని సాయంత్రం దాకా కొబ్బరి నూనె రాశారు.

నా అభిప్రాయం సూటిగా చెబుతాను. దూరాన ఉన్న బిడ్డలు ఫోనులో విన్నదాన్ని నమ్మి నిశ్చింతగా ఉండకూడదు. ఒకప్పుడు ఉత్తరాలు, టేపు క్యాసెట్లు వచ్చేవి. 1990 ఆగస్టులో ఇరాకు సైన్యం కువైటులో ప్రవేశించినప్పుడు ఆ ఉత్తరాలు కూడా ఆగిపోయాయి. అమ్మాను మీదుగా విమానాల్లో లక్షా డెబ్బై వేల మందికి పైగా భారతీయులను ఇంటికి చేర్చారు. ఆనాడు వారాల తరబడి కబురు లేక ప్రార్థించిన తల్లులే ఈనాడు మనవళ్లను సాకుతున్న అవ్వలు. ఇప్పుడు రోజూ ముఖం చూసుకుంటున్నారు, మంచిదే. కాని చక్కెర జబ్బు ఉన్న ముసలాయన అరికాలి పుండు ఆ ఫోనులో కనబడదు. సరిగా వినబడని ముసలమ్మ ప్రతి ప్రశ్నకూ ‘ఆ, ఆ, బాగుండాం నాయనా’ అనే అంటుంది.

ఆదికాండములో యోసేపు తన ఇద్దరు కొడుకులను వెంటబెట్టుకొని యాకోబును చూడబోయిన సంగతి మనకు తెలిసినదే. కరువు వల్ల ఇల్లు విడిచి ఐగుప్తు చేరిన కుటుంబం అది, మన సీమవారికి అర్థం కానిదేమీ కాదు. తండ్రికి జబ్బు చేసిందని వినగానే యోసేపు పిల్లలతో సహా వచ్చాడు. కొడుకు వచ్చాడని చెప్పగానే ఆ ముసలాయన బలం తెచ్చుకొని మంచం మీద లేచి కూర్చున్నాడు. మా వార్డుల్లో ఇది ప్రతి విజిటింగ్ టైములోనూ చూస్తాం. మధ్యాహ్నం దాకా గంజి కూడా వద్దన్న మనిషి బిడ్డను చూసి లేచి కూర్చుంటాడు, నవ్వుతాడు. ‘నాయన బాగానే ఉన్నాడే’ అనుకొని వారు సంతోషంగా వెళ్లిపోతారు. వారు గేటు దాటాక ఆయన ఎలా పడుకుండిపోతాడో చూసేది మేము.

యాకోబు కన్నులకు సరిగా కనబడేది కాదని కూడా అక్కడే ఉంది. ఆ కాలంలో చేయగలిగింది లేదు. ఈ కాలంలో శుక్లాల ఆపరేషను చేయించుకొని ఆ రోజో మరునాడో ఇంటికి పోవచ్చు, తరువాత కొన్ని వారాలు చుక్కలు వేసేవారుంటే చాలు. ఆ వేసేవారు లేకనే ఎంతోమంది అవ్వలు మనవళ్లను మసకగానే చూస్తున్నారు. నెల రోజుల సెలవులో మొదటి వారమే ఈ పని పెట్టుకోవచ్చు గదా!

తెచ్చే వస్తువుల గురించీ ఒక మాట. టాంగ్ డబ్బాలు, నిడో పాలపొడి, ఖర్జూరాలు, టైగర్ బామ్, దుప్పట్లు, వీటి వెనుక ప్రేమ ఉంది, కాదనను. కాని చక్కెర జబ్బు ఉన్న అమ్మకు టాంగ్ కలిపి ఇవ్వడం ఏం ప్రేమ? ఇంకా ప్రమాదమైనవి మోకాళ్ల నొప్పులకని తెచ్చే ‘కువైటు మాత్రలు’. నొప్పి మాత్రలు ఏ దేశానివైనా నొప్పి మాత్రలే. ముసలివారు వాటిని రోజూ మింగితే బీపీ పెరుగుతుంది, మూత్రపిండాలు దెబ్బతింటాయి.

‘సిస్టర్, మీకు చెప్పడం తేలిక’ అని ఒక తమ్ముడు నాతో అన్నాడు. రెండేండ్లకు ఒకసారి దొరికే సెలవు. అందులో చెల్లెలి పెండ్లి మాటలు, బ్యాంకు, రిజిస్ట్రారు ఆఫీసు, చుట్టాల ఇండ్లు. నిజమే, ఒప్పుకొంటాను. అయినా ఒక పూట అమ్మతో కలిసి మా బెంచీ మీద కూర్చోమంటాను. డాక్టరు చెప్పేది మీ చెవులతో వినండి. మాత్రల అట్టలను ఫోటో తీసుకొని పోండి. మరియ ఎలీసబెతును చూడబోయి ఇంచుమించు మూడు నెలలు ఉండిపోయింది. మిమ్మల్ని అన్నాళ్లు ఉండమనడం లేదు.

ఇక పిల్లలు. ఇంటి పనికి గల్ఫుకు పోయే స్త్రీకి 30 ఏండ్లు నిండాలని మన ప్రభుత్వ నిబంధన. మంచి ఉద్దేశంతో పెట్టినదే. కాని ఆ వయస్సుకు మన పల్లెల్లో ఆడపిల్లకు బడికి పోయే బిడ్డలుంటారు. వారు అవ్వ దగ్గరే పెరుగుతారు. అమ్మ వచ్చిన మొదటి రాత్రి బిడ్డ అవ్వ కొంగు వదలకపోతే తల్లికి ఎంత కష్టమో నాకు తెలుసు. దయచేసి లాక్కోవద్దు. ఆ పక్కనే మీరూ చాప వేసుకొని పడుకోండి, నాలుగైదు రోజుల్లో దానంతట అదే వస్తుంది. తిరిగి పోయేటప్పుడు నిద్రలో వదిలి పోవద్దు, చెప్పి పోండి, ఏడ్చినా సరే. జనవరిలో, ఫిబ్రవరిలో కడుపు నొప్పి అనీ, పక్క తడుపుతోందనీ పిల్లలను మా దగ్గరకు తెస్తారు. పరీక్షల్లో చాలాసార్లు ఏమీ దొరకదు. అమ్మ ఎప్పుడు పోయిందని అడిగితే సంగతి తెలుస్తుంది.

మా తప్పూ ఒకటుంది. ఆ అవ్వ వార్డులో ఉన్నన్నాళ్లూ పన్నెండేండ్ల లోపు పిల్లలను రానివ్వమని ఆ మనవరాలిని గేటు దగ్గరే ఆపేశాం. అంటురోగాల భయం నిజమే. అయినా అవ్వ మాత్రల సంగతి తెలిసిన ఒకే ఒక మనిషిని బయట నిలబెట్టాం. దగ్గు, జ్వరం లేని మనవళ్లను చేతులు కడిగించి కాసేపైనా లోపలికి పంపాలని నేను మీటింగులో అడిగాను, మళ్లీ అడుగుతాను.

అవ్వ ఇప్పుడు కర్ర పట్టుకొని నడుస్తోంది. మాట సగం వచ్చింది. కూతురు అప్పటి సెలవు కాగానే వెళ్లిపోయింది, వెళ్లక తప్పలేదు. మొన్న ఓపీలో వరుస కోసం కూర్చొని ఉండగా ఫోను వచ్చింది. ‘బాగుండా’ అంది అవ్వ. మనవరాలు ఆ ఫోను తీసుకొని, అవ్వ ముఖం మీద నుండి కిందికి తిప్పి, మొదట రెండు పాదాలూ చూపించింది, తరువాత సంచిలో నుండి మాత్రల డబ్బా తీసి చూపించింది.