ఒక్క పెట్టెలో దాస్తే ఒక్క వరద చాలు

ఒకప్పుడు మన భూమి లెక్క కరణం ఇంట్లో దస్తరం మూటలో ఉండేది. ఆయన రాసిందే హక్కు, రాయనిది లేనట్టే. 1984లో కరణీకాలు రద్దయ్యాయి. ఇప్పుడు మన కాగితం మనమే దాచుకుంటున్నాం. డి-పట్టాలు, శ్మశానం స్థలం అర్జీలు, అట్రాసిటీ కేసుల ఎఫ్‌ఐఆర్‌లు, చార్జిషీట్లు సంఘం కంప్యూటర్లోకి ఎక్కుతున్నాయి. మంచిదే. కానీ ఆ ఒక్క యంత్రాన్నే నమ్ముకుంటే అదే మనకు కొత్త కరణం.

కేసులు ఎన్నాళ్లు నడుస్తాయో చూడండి. చుండూరు మారణకాండ 1991 ఆగస్టు 6న జరిగింది. కింది కోర్టు తీర్పు 2007లో వచ్చింది. హైకోర్టు 2014లో ఆ శిక్షలు కొట్టేసింది. 23 ఏళ్లు! ఏ కంప్యూటరు అన్నాళ్లు బతుకుతుంది?

పైగా మనం గౌతమికీ వశిష్ఠకీ నడుమ ఉన్నాం. 1986 ఆగస్టు వరద, 1996 నవంబరు తుపాను, 2022 జూలై వరద ఎవరూ మర్చిపోలేదు. నీళ్లు ముందొచ్చేది లంకల్లోకి, పల్లంలో ఉన్న పేటల్లోకే. ‘నెట్‌లో దాచాం కదా’ అనే కుర్రాళ్లూ వినండి. 2022 మే 24న జిల్లాకు అంబేద్కర్ పేరు వద్దని అమలాపురంలో ఇళ్లు తగలబెట్టినప్పుడు కోనసీమలో రోజుల తరబడి నెట్ ఆపేశారు. మనకు కాగితం కావాల్సొచ్చేది సరిగ్గా అలాంటి రోజునే.

ఓటర్ల జాబితా అందరం చూసిందే. మూల జాబితా ఒకటి, తర్వాత చేర్పులూ మార్పులతో అనుబంధ జాబితాలు. నకళ్లూ అలాగే తీయాలి.

1. నెలలో మొదటి ఆదివారం పూర్తి నకలు. ఒక్కటీ వదలకూడదు.

2. మిగతా ఆదివారాలు చేర్పు నకలు. కిందటి నకలు తర్వాత కొత్తగా చేరినవి, మారినవి మాత్రమే. కేసు కట్టిన రోజైతే ఆదివారం దాకా ఆగొద్దు.

3. తిరిగి ఎక్కించేటప్పుడు ముందు పూర్తి నకలు, తర్వాత చేర్పులు వరసగా. మధ్యలో ఒకటి పోతే ఆ తర్వాతవి కుదరవు. అందుకే నెలనెలా కొత్త పూర్తి నకలు. మూడు నెలలవి ఉంచండి.

4. డిస్కులు రెండు. ఒకటి ఇక్కడ, రెండోది ఏరు దాటి కాకినాడలో నమ్మకస్తుల ఇంట. నెలకోసారి మార్చుకోవాలి. పని కాగానే డిస్కు ఊడదీయాలి, తగిలించి వదిలేస్తే వైరస్ దాన్నీ తినేస్తుంది.

5. బాధితుల పేర్లుంటాయి కాబట్టి పాస్‌వర్డ్ తప్పనిసరి. అది ఇద్దరికి తెలియాలి.

6. మూడు నెలలకోసారి వేరే కంప్యూటర్లో తెరిచి చూడాలి. తెరుచుకోని నకలు నకలు కాదు.

అసలు కాగితాలు పారెయ్యొద్దు, కోర్టు అడిగేది అసలునే. ఈ పని అందరిదీ అంటే ఎవరిదీ కాదు. పేరు పెట్టి ఒకరికి అప్పజెప్పండి, మన ఆడపిల్లలకు నేర్పండి. కొత్తపేటలోనైనా, ఏ లంకలోనైనా వచ్చే ఆదివారమే మొదటి పూర్తి నకలు తీయండి.

జై భీమ్!