నృత్యమునకు కూలి, కూలికి కాగితము

సాలుకు సుమారు 550 మిల్లీమీటర్ల వానను మాత్రమే ఎఱిగిన అనంతపురపు పీఠభూమిలో, వేరుశెనగ ఊడలు దిగు వేళకు మేఘము ముఖము చాటుచేసి చేను నిలువునా ఎండిన ఏట, ముదిగుబ్బ పల్లెలనుండి బెంగుళూరుకు పోవు బస్సులలో తాపీపనికి తరలు భార్యాభర్తలతోపాటు, గార్మెంట్స్‌లో పని దొరకినదని ఇంట చెప్పి బయలుదేరిన ఒంటరి యువతియు ఒక్కొక్కప్పుడు ఉండును. కదిరి ప్రాంతపు స్త్రీలను ఇంటిపని పేరిట బొంబాయి, పూనా, ఢిల్లీలకు తరలించి అమ్మివేసిన ఉదంతములు ఏండ్లుగా పత్రికలలో వచ్చుచునే యున్నవి. అట్లు మోసపోయినవారికి వలసినది విముక్తి. నేను విన్నవింపబూనినది మఱియొక స్త్రీని గూర్చి: తెలిసియే, ఇంటి అప్పుల ఒత్తిడిచేతనో తన యిచ్ఛచేతనో, మహానగరపు బార్లలో నృత్యము చేయబోయిన క్రొత్త నర్తకిని గూర్చి.

ఆమె కష్టములన్నిటికిని మొదలు అడ్వాన్సు. ఎండిన బోరు ప్రక్క మఱియొక బోరు వేయించుటకో, వడ్డీ కట్టుటకో ఇంటివారు బ్రోకరు చేతినుండి పుచ్చుకొన్న సొమ్ము, ఆమె నగరమున కాలుపెట్టకమునుపే ఆమె పేర బాకీయై నిలుచును. గది అద్దెయు, మేకప్పును, దుస్తులును, అర్ధరాత్రి గది చేరుటకు ఆటో ఖర్చును ఆ బాకీకే చేరును. జీతమనదగినది లేక, టిప్పులలో యజమాని వాటాయు బ్రోకరు వాటాయు పోగా మిగిలినది ఇంటికి పంపి, ఆమె మరల అప్పునకే చేయి చాచును. ఏ గిరాకిని దూరమున నుంచవలెనో, ఎవని ఫోను ఎత్తరాదో చిరకాలముగా ఉన్నవారు ఎఱుగుదురు. క్రొత్తగా వచ్చినదానికి చెప్పువారుండరు. పోలీసులు దాడిచేసిన రాత్రి చున్నీలో ముఖము దాచుకొన్న స్త్రీలను టీవీలో చూపుదురేగాని, ఆమెకు రావలసిన కూలిని గూర్చి అడుగువారు లేరు. బార్ మూతపడినను బాకీ నిలిచియే యుండును.

మహారాష్ట్ర ప్రభుత్వము 2005లో, మూడు నక్షత్రములును అంతకుపైబడినవియునగు హోటళ్లను మినహాయించి, డాన్సుబార్లను నిషేధించినది. 2006లో బొంబాయి హైకోర్టు ఆ నిషేధమును కొట్టివేయగా, 2013లో సుప్రీంకోర్టు ఆ తీర్పునే స్థిరపరచినది. నిషేధమువలన సుమారు 75,000 మంది స్త్రీలు ఉపాధి కోల్పోయిరన్న మాట సుప్రీంకోర్టు తీర్పులోనే కలదు. 2016లో వచ్చిన క్రొత్త చట్టముపై 2019 జనవరిలో వెలువడిన సుప్రీంకోర్టు తీర్పును నోట్లు చల్లరాదు, టిప్పు ఈయవచ్చును అన్న అంశముతోనే పలువురు జ్ఞాపకముంచుకొనిరి. నాకు మిక్కిలి ముఖ్యముగా తోచునది వేఱు: నర్తకితో వ్రాతపూర్వకమైన ఒప్పందము చేసికొనవలెననియు, ఆమె ప్రతిఫలమును బ్యాంకు ఖాతాలో జమచేయవలెననియు ఉన్న నియమములను న్యాయస్థానము నిలిపినది. ఆ కాగితము చేత నున్న స్త్రీని బ్రోకరు తన లెక్కలతో బెదరింపలేడు. కర్ణాటకములోనైతే, బెంగుళూరు లైవ్‌బ్యాండ్లకు పోలీసు లైసెన్సు విధించిన 2005 నాటి ఉత్తరువును 2018లో సుప్రీంకోర్టు సమర్థించినది. ఆ వివాదమంతయు లైసెన్సు చుట్టునే తిరిగినది.

ఇట్టి వృత్తిని మాన్పింపక, దానికి ఒప్పందములును ఖాతాలును ఏల అని పెద్దలు అడుగుదురు. మాన్పించిన అనుభవము మనకు లేకపోలేదు. కందుకూరి వీరేశలింగముగారు భోగముమేళములను ఖండించిన కాలమునుండి 1947 నాటి మద్రాసు దేవదాసీ చట్టము వఱకు సాగిన సంస్కరణము బాలికలను అంకితముచేయు దురాచారమును అడ్డగించినది. ఆ మేలును నేను మనసార అంగీకరింతును. కాని దేవదాసీ ఆచారమును మాన్పింపగోరిన ముత్తులక్ష్మీరెడ్డిగారి ప్రయత్నము సాగుచున్న దినములలో, బెంగుళూరు నాగరత్నమ్మ మొదలగు దేవదాసీలు మద్రాసులో సంఘముగా కూడి తమ జీవనమును గూర్చి విన్నవించుకొనగా, ఆ విన్నపము చాలినంతగా వినబడలేదు. వేదిక పోయిన పిమ్మట ఆ కుటుంబముల స్త్రీలు ఏమి తిని బ్రదుకుదురన్న ప్రశ్న చట్టమున కెక్కలేదు. బొంబాయిలోను జరిగినది అదియే.

కావున నేను కోరునది క్రొత్త చట్టము కాదు. అప్పునకు ప్రతిగా మనిషిని పనికి కట్టివేయుట 1976 నాటి వెట్టిచాకిరి నిర్మూలన చట్టముచేత నేరము; అట్టి బాకీ ఆ చట్టముచేతనే రద్దగును. కనీసవేతనమునకు తక్కువగా చేయించుకొను పనియు బలవంతపు చాకిరియేనని 1982లో ఏషియాడ్ క్రీడల నిర్మాణ కార్మికుల కేసులో సుప్రీంకోర్టు చెప్పినది. ఇటుకబట్టీ కూలికి వర్తించు ఈ న్యాయము బార్ నర్తకికి వర్తింపదని ఎచ్చటను వ్రాసిలేదు. వెట్టిచాకిరి చట్టము క్రింద ప్రతి జిల్లాలోను నిఘాసంఘము ఉండవలెను. ముదిగుబ్బ చేరియున్న శ్రీ సత్యసాయి జిల్లా సంఘము బ్రోకర్ల అడ్వాన్సులను తన పనిలో చేర్చుకొని, అచ్చటి పల్లెలలో ఎవరు ఎవరికి ఎంత ఇచ్చుచున్నారో మహిళాసంఘముల సాయముతో తెలిసికొనవలెను. ఆ విచారణ దాడులు జరిగి వార్తలు వచ్చిన పిమ్మట కాదు, చేను ఎండినదని తేలిన భాద్రపదమునందే, బ్రోకరుకన్న ముందుగా, మొదలుకావలెను.