జీతము మాటలాడుట

ఉద్యోగమునకు బిలిచినవారు "జీతమెంత కావలెను?" అని యడిగినపుడు మనలో పెక్కుమంది "మీ దయ" యని తలవంచుకొందురు. మొగమాటమున నాడు తగ్గిన రూపాయి యేటేటను తగ్గుచునే యుండును. పెంపుదల లెక్కించునది మొదటి జీతముపైననే కదా! సమానమగు పనికి స్త్రీ పురుషులకు సమాన వేతనమని 1976 నాటి చట్టము విధించెను. 2019 నాటి వేతన స్మృతియు నదియే చెప్పుచున్నది. కాని చట్టము మనకు మారుగా నోరు విప్పి యడుగదు. కావున నట్టి పనికి నితరు లెంత యిచ్చుచున్నారో ముందుగా విచారింపుడు. పాత జీతమును బట్టి గాక, చేయబోవు పనిని బట్టి యంకె చెప్పుడు. వారు చెప్పు సంవత్సరపు మొత్తములో భవిష్యనిధికి యజమాని కట్టు భాగము చేరియున్నదేమో, నెలకు చేతికి వచ్చున దెంతయో తెలిసికొనుడు. ఒప్పుకొన్నది వ్రాతమూలకముగా బుచ్చుకొనుడు. వంకాయలకు బేరమాడ సిగ్గుపడని మనము మన శ్రమకు వెల చెప్పుట కేల సిగ్గుపడవలెను?