తోటకెళ్తూ వంటిల్లు మోసుకెళ్లకండి

కొండలూ, పండ్ల తోటలూ చూసి రావాలని మన వరంగల్ ఇల్లాలికి అనిపించిందంటే ఆశ్చర్యమేముంది? వేయిస్తంభాల గుడి, భద్రకాళి చెరువు, రామప్ప, లక్నవరం... ఇంటికొచ్చిన చుట్టాలందరికీ చూపించి చూపించి మనకవి కంఠతా వచ్చేశాయి. ఒక్కసారి మనమే చుట్టాలమై ఎక్కడికైనా వెళ్లి వస్తే ఎంత బావుణ్ణు!

అలాంటి ప్రయాణానికి అరకు లోయ చక్కని చోటు. సముద్ర మట్టానికి సుమారు 900 మీటర్ల ఎత్తున, చుట్టూ తూర్పు కనుమలు, కొండవాలుల్లో కాఫీ తోటలు. పొడవాటి సిల్వర్ ఓక్ చెట్లు, వాటిని అల్లుకున్న మిరియాల తీగలు, ఆ నీడన కాఫీ మొక్కలు. మధ్య మధ్య పనస, అనాస, సీతాఫలం. చూడాలేగానీ రెండు కళ్లూ చాలవు.

అయితే టికెట్లు కొనకముందే ఒక మాట అడుగుతాను. శ్రీవారికి ఆఫీసు సెలవు, పిల్లలకు బడి సెలవు. మరి ఈ ప్రయాణంలో మీకు సెలవు ఏ పూట?

నవ్వకండి. మేడారం జాతరకు వెళ్లినప్పుడు ఏం జరుగుతుందో గుర్తుచేసుకోండి. బియ్యం, గిన్నెలు, చాపలు సర్దేది మనమే. అక్కడ చెట్టు కింద మూడు రాళ్లు పెట్టి పొయ్యి వెలిగించేదీ మనమే. జాతరంటే మొక్కు, అది వేరు. విహారయాత్ర కూడా అలాగే జరిగితే, ఇంట్లో వండేది కొండమీద వండి వచ్చినట్టే కదా! అందుకే అన్నిటికన్నా ముందు, కాగితం మీద మీకొక పూట రాసుకోండి. తోట చూసే ఆ పూట వంట లేదు, వడ్డన లేదు, గిన్నెలు లేవు. మిగతా ప్రయాణమంతా దాని చుట్టూ అమర్చుకోండి.

ఎప్పుడు వెళ్లాలి?

మిర్చి వేసే ఇళ్లవాళ్లకు ఫిబ్రవరి నుంచి ఏప్రిల్ దాకా ఎనుమాముల మార్కెట్ తప్ప వేరే ధ్యాస ఉండదు. మే నెలలో కాఫీ చెట్లకు పండ్లుండవు. వానల్లో ఘాట్ రోడ్డు మీద కొండచరియల భయం. కనుక బతుకమ్మ, దీపావళి ముగించుకుని నవంబరులో వెళ్లండి. తంగేడు పసుపు చూసి మురిసిన కళ్లకు అప్పుడక్కడ వలిసె పూలు పొలాల నిండా కనిపిస్తాయి. నవంబరు నుంచి జనవరి దాకా కాఫీ పండ్లు ఎర్రబడి కోతకొస్తాయి. రాత్రిళ్లు చలి గట్టిగానే ఉంటుంది. స్వెట్టర్లు, చెవులకు మఫ్లర్లు మరచిపోకండి.

ఎలా వెళ్లాలి?

1974లో మొదలైన గోదావరి ఎక్స్‌ప్రెస్ మన వరంగల్ మీదుగానే పోతుంది. రాత్రి ఎక్కితే తెల్లవారేసరికి విశాఖ. రిజర్వేషన్ 60 రోజుల ముందు మొదలవుతుంది. విశాఖ నుంచి కిరండూల్ వైపు పోయే ఉదయం రైలు సొరంగాల్లోంచి దూరుతూ సుమారు నాలుగు గంటల్లో అరకు చేరుస్తుంది. పిల్లలకైతే ఆ రైలే సగం పండగ. కానీ రాత్రి రైలు దిగి, అదే ఉదయం కొండ రైలు అందుకోవాలని ఆశపడకండి. మొదటిది కాస్త ఆలస్యమైతే రెండోది చేజారుతుంది. ఆ రోజు విశాఖలో ఆగి, సముద్రం చూసి, రాత్రి హాయిగా నిద్రపోయి మర్నాడు ఎక్కండి. మొత్తం మూడు పగళ్లు, నాలుగు రాత్రుళ్లు.

విశాఖ నుంచి రోడ్డు మీదైతే 115 కిలోమీటర్ల దూరం. మన మహాలక్ష్మి ఉచిత బస్సు ప్రయాణం ఆంధ్ర బస్సుల్లో చెల్లదు కాబట్టి ఛార్జీలు లెక్కలో వేసుకోండి. దారిలో అనంతగిరి వస్తుంది. వికారాబాద్ అనంతగిరి కాదు సుమా! గది మాట్లాడేటప్పుడు ఊరి పేరుతోపాటు జిల్లా పేరు కూడా అడగండి. ఇది అల్లూరి సీతారామరాజు జిల్లా, 2022లో ఏర్పడింది.

గది తీసుకునేటప్పుడు

కొన్నిచోట్ల గ్యాసు పొయ్యి, గిన్నెలతో సహా గది ఇస్తారు. "భోజనాల ఖర్చు కలిసొస్తుందోయ్!" అని మీవారు సంబరపడతారు. కలిసొచ్చేది నిజమే, కానీ ఆ పొయ్యి దగ్గర నిలబడేదెవరో కూడా అడగండి. మిగిలే డబ్బుకూ, పోయే మీ పూటకూ లెక్క చూడండి. ఎక్కడైనా తగ్గించాలంటే గది అద్దెలో తగ్గించండి, భోజనంలో వద్దు.

ప్రైవేటు తోటలకైతే ముందే ఫోను చేయాలి. ఇప్పుడు చెట్ల మీద ఏ పండ్లున్నాయి, రోడ్డు నుంచి ఎంత దూరం నడవాలి, ఆడవాళ్లకు బాత్‌రూము ఉందా, భోజనం పెడతారా... ఈ నాలుగూ అడిగితే సగం చిక్కులు తప్పుతాయి.

దారిలోకి ఏం చేయాలి?

మొదటి రాత్రికి పులిహోర చాలు. చింతపండు గుజ్జును నూనె తేలేదాకా ఉడికించి, అన్నం పూర్తిగా చల్లారాక కలపండి. వేడిమీద డబ్బా మూత పెడితే చెమర్చి పాడవుతుంది. అప్పాలు, మురుకులు నాలుగు రోజుల ముందే చేసి డబ్బాకెత్తండి. సకినాలు సంక్రాంతికే చేయాలని ఎక్కడా రాసిపెట్టి లేదుగా! బయలుదేరే రోజు తెల్లవారుజామున లేచి బూరెల మూకుడు పెట్టుకోకండి. ఘాట్ రోడ్డు మీద వాంతులయ్యే పిల్లలకు కడుపునిండా పెట్టకండి. రెండు ఇడ్లీలు చాలు. మాత్రలు వేసేట్టయితే డాక్టరును అడిగి ముందే వేయండి.

తోటలో...

అక్కడి కాఫీ తోటలు చాలావరకు గిరిజన కుటుంబాల చిన్న చిన్న కమతాలు. పండ్లు కోసే చేతుల్లో ఆడవాళ్లవే ఎక్కువ కనిపిస్తాయి. ఒకే కొమ్మకు పచ్చివీ పండినవీ కలిసి ఉంటాయి. ఎర్రబడ్డవాటినే ఒక్కొక్కటిగా ఏరాలి, మిగతావాటికోసం మళ్లీ మళ్లీ రావాలి. సుమారు ఆరు కిలోల పండ్లకు ఒక కిలో గింజ దిగుతుంది. ఆ అరకు కాఫీకి 2019లో భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. చాయ్ తాగే వరంగల్ వాళ్లమే అయినా, ఆ కష్టం చూశాక ఒక పొట్లం కొనకుండా రాలేం. గిరిజన సహకార సంస్థ దుకాణాల్లో కాఫీ, తేనె దొరుకుతాయి.

అడగకుండా పండు కోయవద్దని పిల్లలకు ముందే చెప్పండి. అడగకుండా ఫొటోలు తీయవద్దని పెద్దలకు చెప్పండి. "ఇక్కడ రెండెకరాలు కొనేద్దామా?" అని మీవారు ఉత్సాహపడితే 1/70 చట్టం గుర్తుచేయండి. మన ఏటూరునాగారం ఏజెన్సీలో లాగే అక్కడా గిరిజనేతరులు భూమి కొనడం చెల్లదు.

రెండో ప్రపంచ యుద్ధ కాలంలో, 1942లో, సైనికులకు కూరగాయలు పండించడానికి మొదలైన పద్మాపురం తోట అరకులోనే ఉంది. నడక తక్కువ కనుక అత్తగారికి ఇది అనుకూలం. బొర్రా గుహలకు మాత్రం మెట్లు చాలా. మోకాళ్ల నొప్పులున్న పెద్దవాళ్లను పైనే కూర్చోబెట్టండి. తోడుగా ఒకరుండాలి, నిజమే. ఆ ఒకరు ప్రతిచోటా మీరే కానక్కర్లేదు. గుహల దగ్గర మీవారు, చాపరాయి దగ్గర పెద్దబ్బాయి అని ఇంట్లోనే మాట్లాడుకుని వెళ్లండి. అక్కడికి వెళ్లాక అడిగితే "నువ్వుండు, మేం చూసొస్తాం" అనేస్తారు!

చాపరాయి బండల మీద నాచు ఉంటుంది. నీళ్లలో పిల్లల చెయ్యి వదలకండి.

ఇంత ఏర్పాటు చేసుకున్నాక, రాసుకున్న మీ పూట రానే వస్తుంది. ఆరోజు మిరియాల తీగల కింద ఒక గంట ఊరికే కూర్చోండి. ఎవరైనా వచ్చి "అమ్మా, తువ్వాలెక్కడ?" అంటే "సంచిలో ఉంది, చూసుకో" అనండి. లేవకండి. సంచిలో ఏది ఎక్కడుందో బయలుదేరేముందే అందరికీ చూపించి ఉంచితే వాళ్లే తీసుకుంటారు. ఒక్క పూట మనం లేవకపోతే కొండలేమీ విరిగిపడవు. ఏమంటారు?