అమెరికా సీసాకు ఒక వాక్యము, ఊరి సీసాకు ఒక వాక్యమా?



మన ఊళ్ల నుండి వెళ్లి అమెరికాలో, యూకేలో స్థిరపడిన మన సంఘ బిడ్డల గురించి ఈ వారం కఠినంగానే రాస్తున్నాను. సెలవులొస్తే కెంటకీ, టెన్నెస్సీ, స్కాట్లాండ్ వెళ్లి విస్కీ డిస్టిలరీలు చూసి రావడం ఇప్పుడొక విహారయాత్ర అయిపోయింది. అంతదూరం పోలేనివారు గోవాలో కుంకోలిం వెళ్లి పాల్ జాన్ చూసి వస్తున్నారు. పీపాల ముందు భార్యాభర్తల ఫోటో, చేతిలో చిన్న గ్లాసు, అది వాట్సాప్ స్టేటస్. అడిగితే, "అయ్యగారూ, ఇది తాగుడు కాదు, టేస్టింగ్. కానాలో ప్రభువు నీళ్లను ద్రాక్షారసం చేయలేదా? పౌలు తిమోతికి కొంచెం పుచ్చుకోమని చెప్పలేదా?" అంటారు.

చేశాడు. చెప్పాడు. వాక్యంలో ఉన్నదాన్ని నేను లేదనను. కానా ద్రాక్షారసం ఉత్త పండ్లరసమేనని సాగదీసే బోధకులతో నేను ఏకీభవించను. అయితే పౌలు తిమోతికి చెప్పింది కడుపు జబ్బుకు, స్టేటస్‌కు కాదు.

కొందరు ఇంకాస్త ముందుకెళ్లి, బర్బన్ విస్కీని కనిపెట్టింది ఎలైజా క్రెయిగ్ అనే బాప్టిస్టు పాస్టరేనని నాకు పంపారు. ఆయన కెంటకీలో బోధకుడన్నదీ, బట్టీ పెట్టాడన్నదీ నిజమే. 1808లో చనిపోయాడు. ఆయనే కనిపెట్టాడన్నది మాత్రం తర్వాత అల్లిన కథ. ఆయన పేరుతో సీసాలు అమ్మేవాళ్లకు ఆ కథ బాగా పనికొస్తుంది. (ఒంగోలు బాప్టిస్టులను చూసి గుంటూరు లూథరన్లు నవ్వుకోనక్కర్లేదు, మనకూ ఒకాయన ఉన్నాడు.) టెన్నెస్సీలో డాన్ కాల్ అనే లూథరన్ బోధకుడికి బట్టీ ఉండేది. అక్కడ కాచింది నియరెస్ట్ గ్రీన్ అనే నల్లజాతి బానిస. చిన్నతనంలో ఆ ఇంట పనికి చేరిన జాక్ డేనియల్ ఆ విద్య నేర్చుకున్నది ఆయన దగ్గరే. సీసా మీద ఎవరి పేరుందో మీకు తెలుసు. కాచినవాడి పేరు కంపెనీ బాహాటంగా చెప్పడానికి 2016 దాకా పట్టింది. వెట్టి చేసిన తాతల మనవలం మనం, ఈ లెక్క మనకు ఇంకొకరు విడమర్చి చెప్పాలా?

పీపాలో ఏళ్ల తరబడి ఉంచితే విస్కీ కొంత ఆవిరైపోతుంది. దానికి వాళ్లు పెట్టుకున్న పేరు "దేవదూతల వాటా". వినడానికి ముచ్చటగానే ఉంది. మన ఊళ్లో ఆవిరయ్యేది మిరపకోతల కూలి. ముక్కుకు గుడ్డ కట్టుకుని, చేతులు మండుతున్నా పొద్దుగూకే దాకా కోసిన అమ్మ డబ్బు రాత్రి ఎనిమిదికల్లా క్వార్టర్ అవుతుంది. 2024 అక్టోబరు నుండి అది 99 రూపాయలకే దొరుకుతోంది. ఏ పార్టీనీ అనడం లేదు, షాపులు సర్కారే నడిపిన రోజుల్లోనూ ఇదే ఏడుపు.

పక్కనున్న నెల్లూరు జిల్లా దూబగుంటలో 1992లో కూలి ఆడవాళ్లు, రాత్రిబడిలో అక్షరాలు దిద్దుకుంటూనే, ఊళ్లో సారా అమ్మనివ్వబోమని నిలబడ్డారు. అది రాష్ట్రమంతా పాకి 1993 అక్టోబరులో సారా నిషేధం, 1995 జనవరిలో సంపూర్ణ మద్యనిషేధం వచ్చాయి. 1997లో ఎత్తేశారు. అలాంటి అమ్మలే మన మందిరంలో ముందు చాపల మీద కూర్చుంటారు. వాళ్లు పస్తులుండి చదివించి విమానం ఎక్కించిన కొడుకు ఫోటోను ఊళ్లో తాగుబోతులు సెల్లులో చూపించి, "మీ సంఘం వాళ్లే తాగుతుంటే మాకెందుకు చెబుతారు?" అంటున్నారు. తాగుడు మానేసి నెలలు లెక్కపెట్టుకుంటున్న సహోదరులు కూడా మనలో ఉన్నారు. ఆ ఫోటో వాళ్లకూ చేరుతుంది. బలహీనుడైన సహోదరుని కోసం మాంసమే మానేస్తానన్న పౌలు, తిమోతికి రాసిన పౌలు ఒక్కడే. ఒక పత్రిక చదివి ఇంకొకటి మూసేస్తే ఎలా?

ఇక సంఘ పెద్దలకు ఒక మాట. క్వార్టర్ వేసుకున్న కూలివాణ్ణి చాలా సంఘాల్లో ప్రభుబల్ల దగ్గర ఆపుతారు. ఫారిన్ సీసా తాగేవాడు ప్రహరీగోడకు డబ్బు పంపితే రాయి మీద పేరు చెక్కిస్తారు. బంగారు ఉంగరం పెట్టుకొచ్చినవాడి గురించి యాకోబు రెండో అధ్యాయంలో రాసింది మళ్లీ చదవండి. ఆపితే ఇద్దరినీ ఆపండి. ఓర్చుకుంటే ఇద్దరినీ కూర్చోబెట్టి మాట్లాడండి.

క్రిస్మస్‌కు ఇంటికొచ్చే బిడ్డలారా, మందిరంలో మీ అమ్మ పక్కన చాప మీద కూర్చుని ఆ ఫోటో ఆమెకు మీరే చూపించండి. చేతిలో ఉన్నదేమిటో మీ నోటితో చెప్పండి. ఆ తర్వాత కానా సంగతి మాట్లాడటానికి నా దగ్గరికి రండి.